1480 దగ్గర ఆగిన చెస్ రేటింగ్: ఓపెనింగులు పెంచాలా, ఆలోచించే పద్ధతి మార్చాలా?

రాజోలు_నాన్న

అందరికీ నమస్కారమండీ. పాప తొమ్మిదో తరగతి. చెస్ ఆడుతుంది. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) స్టాండర్డ్ రేటింగ్, అంటే పొడుగాటల రేటింగ్, 1480 దగ్గర ఆగిపోయి కదలడం లేదు. రోజూ గంట, ఆదివారం మూడు గంటలు కూర్చుంటుంది. అందులో ఎక్కువ భాగం ఫోన్లో మూడు నిమిషాల బ్లిట్జ్, మిగతాది సిసిలియన్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) వీడియోలు. ఓడిన ఆటలన్నీ ఒకే తీరు: ఇరవై, పాతిక ఎత్తుల దాకా సమంగానో కాస్త మెరుగ్గానో ఉంటుంది, ఆ తర్వాత ఒక్క ఎత్తుతో ఆట చేజారిపోతుంది. కోచింగ్ కోసం రోజూ భీమవరమో కాకినాడో తిప్పడం మావల్ల కాదు. సంక్రాంతి సెలవుల్లోపు ఇంట్లోనే నడిచే పద్ధతి ఒకటి పెట్టాలని ఉంది. ఏం చేయిస్తే బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం_బంటు

సిసిలియన్‌తో పాటు కారో-కాన్ కూడా నేర్పించండి అంకుల్. తెల్లపావులతో లండన్ సిస్టం. మూడు ఓపెనింగులు పన్నెండో ఎత్తు దాకా కంఠతా వస్తే గడియారంలో టైమ్ మిగులుతుంది, ఆ టైమ్ మిడిల్‌గేమ్‌లో వాడుకోవచ్చు. బ్లిట్జ్ మాన్పించకండి, చెయ్యి తిరుగుతుంది.

మండపేట_మాస్టారు

తమ్ముడూ, ఆయన రాసింది ఇంకోసారి చదువు. పాతిక ఎత్తుల దాకా బాగానే ఉందన్నారు. అంటే రోగం ఓపెనింగ్‌లో లేదు. కాలు నొప్పంటే కంటికి మందు వేస్తానంటావేం?

రాజోలు గారూ, ముందు చివరి పది, పన్నెండు స్కోర్‌షీట్లు (ఆటలో ఎత్తులు రాసుకున్న కాగితాలు) బయటకు తీయండి. ఒక్కో ఆటలో ఎక్కడ తేడా వచ్చిందో పాపే వెతకాలి. ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) పెట్టకుండా, బోర్డు మీద పావులు పేర్చి. ఆ ఎత్తు నంబర్ రాసి, పక్కన కారణం ఈ ఐదింటిలో ఏదో ఒకటి వెయ్యమనండి:

1. ఎదుటివాడి బెదిరింపు అసలు చూడలేదు.
2. చూసింది, లెక్క మొదలుపెట్టింది, కానీ మధ్యలో ఆపేసింది.
3. మార్చుకోకూడని పావు మార్చుకుంది.
4. గడియారం తొందరపెట్టింది.
5. ఏం చెయ్యాలో తోచక ఏదో ఒకటి ఆడింది.

కారణం రాసేటప్పుడు "పొరపాటున" అన్న మాట నిషేధం. దాని కింద ఏదైనా పట్టేస్తుంది, ఏదీ తేలదు. ఏ నంబర్ ఎక్కువసార్లు పడిందో అదే వచ్చే రెండు నెలల సిలబస్. ఒకటి ఎక్కువైతే పజిల్స్‌లో సగం రక్షణవి ఉండాలి, అంటే "నలుపు బెదిరింపు ఏమిటి, ఎలా ఆపాలి" తరహావి. రెండు ఎక్కువైతే తక్కువ పజిల్స్, ఎక్కువ లోతు. మూడు ఎక్కువైతే ఎండ్‌గేమ్, అంటే పావులు తగ్గాక మిగిలే ఆట చివరి భాగం. నాలుగు అయితే బ్లిట్జ్ కట్. ఐదు అయితే మాస్టర్ల ఆటలు ఎత్తు ఎత్తుకీ ఆగి, తర్వాతి ఎత్తు ఊహించి రాస్తూ చదవడం.

ఇక బోర్డు ముందు కూర్చున్నాక. ఎదుటివాడు ఎత్తు వేశాక మొదటి ప్రశ్న "నేనేం ఆడాలి" కాదు, "ఈ ఎత్తుతో ఏం మారింది". ఏ గడికి కొత్తగా కాపలా వచ్చింది, ఏ గడి కాపలా వదిలేశాడు, ఏ దారి తెరుచుకుంది. పిల్లలు మొదటిది చూస్తారు, రెండోది వదిలేస్తారు. గెలిచే అవకాశాలు చాలావరకు ఆ వదిలేసిన గడిలోనే దొరుకుతాయి. తర్వాత రెండు వైపులా చెక్‌లు, కొట్టుళ్లు, బెదిరింపులు, ఇదే వరసలో చూడాలి. చెక్‌తో ఎందుకు మొదలెట్టాలంటే దానికి జవాబులు తక్కువ కాబట్టి లెక్క త్వరగా తెగుతుంది. ఆపైన రెండు మూడు ఎత్తులు ఎంచుకుని, ఒక్కోదానికి ఎదుటివాడు వేయగల అన్నిటికన్నా చెడ్డ జవాబు (మనకు చెడ్డది) వెతకాలి. చివరగా, చెయ్యి పావు మీదకు వెళ్లే ముందు ఒక్క చూపు: ఈ ఎత్తు వేశాక వాడికి ఏ చెక్ ఉంది, ఏ పావు ఊరికే దొరుకుతుంది? ఆ ఆఖరి చూపుకి పది సెకన్లు చాలు. దాన్ని ఎగ్గొట్టినందుకే పాతికో ఎత్తులో ఆటలు పోయేది.

రాజోలు_నాన్న

చాలా థాంక్స్ మాస్టారూ. స్కోర్‌షీట్లు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఎక్కువగా రెండోదీ, మూడోదీ పడ్డాయి. నాలుగోది అక్కడక్కడా. ఒకటో నంబర్ నేననుకున్నంత లేదు.

గట్టుమీద_గుర్రం

రెండో నంబర్ వాళ్ల కోసం ఒక పొజిషన్. గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస. బోర్డు మీద పేర్చుకోండి. పావులు కదపకుండా సమాధానం కాగితం మీద రాయాలి.

తెలుపు: రాజు జి1, మంత్రి సి3, గుర్రం డి5, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2.
నలుపు: రాజు జి8, మంత్రి డి7, ఏనుగు సి8, బంట్లు ఎఫ్7, జి7, హెచ్7.

తెలుపు ఎత్తు. తెలుపు మంత్రి మీద ఏనుగు కన్ను ఉంది, గుర్రం మీద మంత్రి కన్ను ఉంది. రెండిటిలో ఒకటి పోయేలాగే కనిపిస్తుంది.

భీమవరం_బంటు

ఇంతేనా అన్నయ్యా. గుర్రం ఇ7 చెక్. రాజుకీ, సి8 ఏనుగుకీ ఫోర్క్, అంటే ఒకే పావుతో రెండిటి మీదా దాడి. మంత్రితో గుర్రాన్ని కొడితే మనం మంత్రితో సి8 ఏనుగు కొడతాం, అదీ చెక్‌తో. ఐపోయింది.

నరసాపురం_లేసు

ఐపోలేదు తమ్ముడూ, ఇంకో అడుగు వెయ్యి. మంత్రి సి8 చెక్ తర్వాత నలుపు మంత్రి ఎఫ్8కి వచ్చి అడ్డం పడుతుంది. మంత్రికి మంత్రి, మూడు బంట్లకు మూడు బంట్లు. సమం. నువ్వు గుర్రం ఇచ్చి ఏనుగు తీసుకున్నావు, మొదట్లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నావు, ఇప్పుడు లెక్క సరిపోయింది. అంతే.

సరైనది మంత్రితో ముందు కొట్టడం. మంత్రి సి8 ఏనుగును కొట్టి చెక్. ఎనిమిదో వరస మీద చెక్ కాబట్టి రాజు ఎఫ్8కీ, హెచ్8కీ పోలేడు. మంత్రి డి8కో ఇ8కో అడ్డం వస్తే దాన్ని కొట్టి మేట్. కాబట్టి మంత్రితో సి8లో కొట్టడం ఒక్కటే దారి. అప్పుడు గుర్రం ఇ7 చెక్. రాజు జి8లో, మంత్రి సి8లో, రెండూ ఒకే గుర్రం కింద. రాజు ఎటు కదిలినా సి8లో మంత్రి పోతుంది. చివరికి తెలుపుకి గుర్రం మిగులు, బంట్లు చెరి మూడు.

గట్టుమీద_గుర్రం

సరిగ్గా చెప్పారక్కా. బంటు చూసిన ఎత్తులు, అక్క చూసిన ఎత్తులు రెండూ అవే: గుర్రం ఇ7, మంత్రి సి8. వరస ఒక్కటే మారింది. ఒక వరసలో డ్రా, ఇంకో వరసలో ఒక గుర్రం లాభం. అందుకే పజిల్‌లో మంచి ఎత్తు కనబడగానే ఆగకూడదు. "ఇవే ఎత్తులు తలకిందులుగా ఆడితే?" అని అడగాలి. ఫోర్క్, పిన్ (కదిలితే వెనకున్న పావు పోయేలా కట్టిపడేయడం) ఉన్న పొజిషన్లన్నిట్లో ఈ ఒక్క ప్రశ్న లెక్కను ఒక మెట్టు లోతుకి తీసుకెళ్తుంది.

ఇంకోటి. బంటు లెక్క ఎక్కడ ఆగిందో చూడండి: తన చెక్ దగ్గర. మన ఎత్తు దగ్గర లెక్క ఆపకూడదు. ఎదుటివాడి జవాబు అయ్యాక, కొట్టడానికీ చెక్ పెట్టడానికీ ఏమీ మిగలనప్పుడు ఆపాలి. అక్కడ పావుల విలువ కూడాలి. మంత్రి 9, ఏనుగు 5, బిషప్, గుర్రం చెరి 3, బంటు 1.

భీమవరం_బంటు

ఒప్పుకున్నాను. ఎఫ్8 చూడలేదు.

నరసాపురం_లేసు

రాజోలు గారికి పజిల్స్ గురించి. సంఖ్య ముఖ్యం కాదండీ. రోజుకి 8 నుంచి 12 చాలు, ఒక్కోదానికి ఐదు నిమిషాల దాకా ఇవ్వండి. మొదటి ఎత్తు తెలియగానే ఫోన్ మీద నొక్కేయడం పెద్ద చెడ్డ అలవాటు, ఎందుకంటే తర్వాత ఎత్తులు యాప్ చూపించేస్తుంది, బుర్ర పని చేయదు. మొత్తం వరస నోట్‌బుక్‌లో రాశాకే ముట్టుకోవాలి. పదింటిలో ఎనిమిది పూర్తిగా సరైతే స్థాయి పెంచండి, ఆరు కూడా రాకపోతే తగ్గించండి. తప్పినవి గుర్తు పెట్టి మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్లీ ఇవ్వండి. అదే పజిల్ రెండోసారి కూడా తప్పితే అది తెలియని రకం, ఆ రకానివి విడిగా పది వెతికి పెట్టండి.

కళ్లు మూసుకుని చేసేది ఒకటుంది, బస్సులో కూడా అవుతుంది. గడి పేరు చెప్పి రంగు అడగండి. ఎ నుంచి హెచ్ దాకా 1 నుంచి 8 అంకెలు వేసుకుని వరస నంబర్ కలిపితే, సరి సంఖ్య అయితే నల్ల గడి, బేసి అయితే తెల్లది. జి5 అంటే 7, 5 కలిపి 12, నలుపు. ఇది నోటికి వచ్చాక గుర్రం ప్రయాణం: ఎ1 నుంచి హెచ్8కి ఆరు ఎత్తులు, దారి చెప్పమనండి. ఐదులో ఎందుకు కుదరదో కూడా చెప్పాలి. గుర్రం ఎత్తు ఎత్తుకీ రంగు మారుస్తుంది, రెండు గళ్లూ నల్లవే, కాబట్టి సరి సంఖ్యే కావాలి.

లెక్కల_పంతులు_తణుకు

మూడో నంబర్ గురించి, అంటే మార్చుకోకూడనిది మార్చుకోవడం. చిన్నపిల్లలే చేస్తారనుకోకండి. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్. అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ ఒక బంటు తక్కువతో ఏనుగు, బిషప్ ఎండ్‌గేమ్ కాపాడుకుంటున్నాడు. 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, బిషప్‌ని డి5కి తెచ్చి బిషప్‌లు కూడా మార్చేశాడు. మిగిలింది రాజు, బంట్ల ఎండ్‌గేమ్, ఒక బంటు ఎక్కువ. దాంట్లో రక్షణ లేదు. ఏనుగులు ఉన్నంతసేపు డ్రా, పోగానే ఓటమి. "పావులు తగ్గితే ఆట తేలికవుతుంది" అన్న నమ్మకం సగమే నిజం. ఎవరికి తేలికవుతుందో ముందు చూడాలి.

కాబట్టి నియమం: ఆఖరి పావు మార్చుకునే ముందు బంట్ల ఎండ్‌గేమ్‌ని చివరిదాకా లెక్కపెట్టాలి. అది చేతకాకపోతే మార్చుకోకూడదు. చేతనవ్వాలంటే రాజు, ఒక బంటు ఎండ్‌గేమ్ అద్దంలా కనబడాలి. ఒక్క ఉదాహరణ వివరంగా ఇస్తాను.

తెలుపు: రాజు ఇ4, బంటు ఇ2. నలుపు: రాజు ఇ6. తెలుపు ఎత్తు.

రాజులు ఎదురెదురుగా ఉన్నారు, మధ్యలో ఒక్క గడి. ఈ స్థితిలో ఎవరి ఎత్తు అయితే వాళ్లకే నష్టం. తెలుపు రాజు డి4కి వెళ్తే నలుపు డి6కి వస్తాడు, ఎఫ్4కి వెళ్తే ఎఫ్6కి. దారి దొరకదు. కానీ తెలుపు దగ్గర వెనక దాచిన ఎత్తు ఒకటుంది: బంటు ఇ3. ఇప్పుడు ఎత్తు నలుపుది. రాజు డి6కి జరిగితే తెలుపు రాజు ఎఫ్5కి దూకుతాడు. ఎఫ్6కి జరిగితే డి5కి. ఇ3 బంటుకి కీలక గళ్లు మూడు: డి5, ఇ5, ఎఫ్5. వాటిలో ఏ ఒక్కదానికి రాజు చేరినా బంటు మంత్రి అవుతుంది. ఉదాహరణకి రాజు ఎఫ్5, నలుపు ఇ7, తెలుపు ఇ5. మళ్లీ ఎదురెదురు, మళ్లీ నలుపు ఎత్తు. ఎఫ్7కి వెళ్తే తెలుపు డి6, ఇ8కి వెళ్తే ఇ6. రాజు బంటు ముందు ఆరో వరసకి చేరాక ఎవరి ఎత్తయినా గెలుపే, చివరి నిలువు వరసలైన ఎ, హెచ్ బంట్లు తప్ప.

ఇప్పుడు ఇదే పొజిషన్లో బంటు ముందే ఇ3లో ఉందనుకోండి, ఎత్తు తెలుపుదే. దాచిన ఎత్తు ఖర్చైపోయింది. డ్రా. ఒక్క గడి తేడా, అర పాయింట్ తేడా. పిల్లలు "బంటు ముందుకి పోతే మంత్రికి దగ్గరవుతుంది" అని ఊరికే తోసేస్తారు. రాజు ముందు నడవాలి, బంటు ఆగాలి.

ఈ రెండు పొజిషన్లూ పాపకిచ్చి, ముందు తెలుపు తరఫున గెలిపించమనండి, తర్వాత నలుపు తరఫున కాపాడమనండి. మీరు ఎదురు కూర్చోండి. మీకు చెస్ రాకపోయినా ఫరవాలేదు, తప్పించుకోవడానికి ప్రయత్నిస్తే చాలు.

రాజోలు_నాన్న

నేను తప్పించుకోవడంలో దిట్టనండీ, ఆయ్. ఏనుగుల ఎండ్‌గేమ్‌ల్లో ఏవి ముందు?

లెక్కల_పంతులు_తణుకు

రెండు చాలు ఈ స్థాయికి. గెలవడానికి లుసెనా అనే పొజిషన్, కాపాడుకోవడానికి ఫిలిడోర్ అనే పొజిషన్.

లుసెనా: తెలుపు రాజు జి8, బంటు జి7, ఏనుగు ఇ1. నలుపు రాజు డి7, ఏనుగు హెచ్2. తెలుపు ఎత్తు: ఏనుగు ఇ4. ఎందుకు నాలుగో వరసకి? రాజు బయటకి వచ్చాక పక్కనుంచీ వెనకనుంచీ వచ్చే చెక్‌లకి ఆ ఏనుగు అడ్డం పడాలి. నలుపు ఏనుగు హెచ్1, తెలుపు రాజు ఎఫ్7, ఏనుగు ఎఫ్1 చెక్, రాజు జి6, ఏనుగు జి1 చెక్, రాజు ఎఫ్6, ఏనుగు ఎఫ్1 చెక్, రాజు జి5, ఏనుగు జి1 చెక్, తెలుపు ఏనుగు జి4. చెక్‌లు ఆగిపోయాయి, బంటు మంత్రి అవుతుంది.

ఫిలిడోర్‌లో బంటుకి ఎదురుగా నలుపు రాజు ఉండాలి, నలుపు ఏనుగు ఆరో వరస మీద కూర్చుని తెలుపు రాజుని ఆ వరసకి రానివ్వకూడదు. బంటు ఆరో వరసకి వచ్చిన క్షణంలో ఏనుగు వెంటనే కిందకి, ఒకటో వరసకి దిగి వెనకనుంచి చెక్‌లు పెట్టాలి. రాజు దాక్కోడానికి ఇక చోటు ఉండదు, ఎందుకంటే ఆ చోటులో బంటే కూర్చుంది. బంటు రాకముందే కిందకి దిగితే కాపాడుకోవడం చాలా కష్టమవుతుంది. అందరూ తప్పేది అక్కడే.

యానాం_64

ఇంజిన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. స్టాక్‌ఫిష్‌ని మొదటి గంట దగ్గరికి రానివ్వకండి. ఆట అయ్యాక పాప తన ఆలోచన రాయాలి: ఏ ఎత్తు దగ్గర ఏం చూసింది, ఏ జవాబు భయపెట్టింది. తర్వాతే ఇంజిన్. ఇంజిన్ 0.3, 0.4 తేడాలు (ఒక బంటు విలువ 1 లెక్కన) చూపిస్తే పట్టించుకోవద్దు, 1480లో వాటితో పనిలేదు. అంచనా ఒక్కసారిగా ఒకటిన్నర, రెండు పడిపోయిన చోట ఆగండి. అక్కడ ఇంజిన్ చెప్పిన ఎత్తు చూసి "ఓహో" అని వెళ్లిపోకూడదు. పాప వేసిన ఎత్తునే బోర్డు మీద వేసి, దానికి శిక్ష ఏమిటో తనే వెతకాలి. శిక్ష దొరక్కపోతే అప్పుడు ఇంజిన్ని అడగండి. నేర్చుకునేది తన ఎత్తు ఎందుకు చెడ్డదో తెలిసినప్పుడే.

లీచెస్ (lichess) వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఉచితం, స్టడీ పేజీలు చేసుకుని ఆటలు దాచుకోవచ్చు. అక్కడి రేటింగ్ చూసి ఫిడేతో పోల్చుకోకండి. కొత్తవాళ్లని 1500 దగ్గర మొదలుపెడుతుంది, లెక్క వేరు. కరెంటు పోయిన రోజుల కోసం పది పజిల్స్, రెండు ఎండ్‌గేమ్‌లు ప్రింటు తీసి పెట్టుకోండి. తుపాను సీజన్లో మన దగ్గర అది తప్పనిసరి.

కాకినాడ_ఆర్బిటర్

నాలుగో నంబర్ గురించి. 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల అదనం ఉన్న ఆటలో 40 ఎత్తులకి మొత్తం 110 నిమిషాలు. సగటున ఎత్తుకి 2 నిమిషాల 45 సెకన్లు. మొదటి పది ఎత్తులకి పది నిమిషాలు దాటకుండా, కష్టమైన రెండు మూడు ఎత్తులకి చెరి పది నిమిషాలు ఇచ్చేలా పంచుకోమనండి. స్కోర్‌షీట్‌లో ఐదేసి ఎత్తులకి ఒకసారి మిగిలిన సమయం పక్కన రాస్తే సరి, అది రాయడానికి అనుమతి ఉంది. ఇంటికొచ్చాక ఏ ఎత్తు ఎంత సమయం తినేసిందో తెలుస్తుంది.

పిల్లలు నిబంధనలు తెలియక పాయింట్లు పోగొట్టుకునేవి ఇవి:

ఎత్తు వేశాకే రాయాలి, ముందు రాయకూడదు. ముఖ్యమైన మినహాయింపు: ఒకే పొజిషన్ మూడోసారి రాబోతోందని డ్రా అడగాలంటే, ఆ ఎత్తు వేయకుండా స్కోర్‌షీట్‌లో రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌ని (ఆట నిర్ణేతని) పిలవాలి. ఎత్తు వేసేసి అడిగితే హక్కు పోతుంది.

క్యాస్లింగ్‌లో (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదపడం) ముందు రాజు. ముందు ఏనుగు ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ కుదరదు, ఏనుగే కదపాలి.

బంటు ఎనిమిదో వరసకి చేరినప్పుడు మంత్రి దొరక్కపోతే ఏనుగుని తిరగేసి పెట్టకండి. తిరగేసినా అది ఏనుగే. గడియారం ఆపి మంత్రిని తెప్పించుకోండి. దీనికి ఎవరూ ఏమీ అనరు.

స్టాండర్డ్ ఆటలో మొదటి అక్రమ ఎత్తుకి ఎదుటివాళ్లకి రెండు నిమిషాలు అదనం. రెండోదానికి ఆట పోతుంది. ఫోన్ ఆఫ్ చేసి ఉన్నా జేబులో ఉంచుకోవద్దు, నిర్వాహకులు చెప్పిన చోట సంచిలో ఉంచాలి.

భీమవరం_బంటు

అందరూ కలిసి ఓపెనింగుని పక్కకి తోసేశారు గానీ, నలుపుతో ఇటాలియన్ ఓపెనింగ్‌లో గుర్రం జి5 వచ్చినప్పుడు పదో ఎత్తుకే ఆటలు పోవడం ఎన్ని చూడలేదు? దానికి ఎండ్‌గేమ్ ఏం చేస్తుంది? ఇక బ్లిట్జ్ అంటారా, గుడివాడ కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు కదా.

మండపేట_మాస్టారు

హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. ఆ టైటిల్ వచ్చేది క్లాసికల్ ఆటలతో. ర్యాపిడ్ వరల్డ్‌లో ఆడేది 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు. అది మూడు నిమిషాల బ్లిట్జ్ కాదు. లోతు వచ్చినవాళ్లు వేగంగా ఆడగలరు, అటునుంచి ఇటు రాదు. అయినా పూర్తిగా మానమనడం లేదు. వారానికి ఒక అరగంట, అదీ 10 నిమిషాల ఆటలు, ఆడాక రెండు నిమిషాలు చూసుకోవాలి.

జి5 గుర్రం విషయంలో మాత్రం నువ్వు చెప్పింది కరెక్ట్. అయితే కంఠతా పట్టకుండా ఎలా నేర్చుకోవాలో చూడు. తెలుపు బంటు ఇ4, నలుపు బంటు ఇ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, బిషప్ సి4 గుర్రం ఎఫ్6, గుర్రం జి5. బెదిరింపు ఏమిటి? ఎఫ్7. దానికి కాపలా రాజు ఒక్కడే, దాడిలో బిషప్, గుర్రం రెండు. కాబట్టి బిషప్ దారి మూయాలి: బంటు డి5. తెలుపు బంటు కొడుతుంది. ఇప్పుడు అలవాటుగా గుర్రంతో తిరిగి కొడితే తెలుపు గుర్రం ఎఫ్7లో బలి అవుతుంది, రాజు కొట్టాక మంత్రి ఎఫ్3 చెక్. డి5 గుర్రం మీద బిషప్, మంత్రి రెండూ పడ్డాయి. దాన్ని కాపాడాలంటే రాజు ఇ6కి నడిబజారులోకి రావాలి. అందుకని గుర్రం ఎ5: బిషప్ మీదకే దాడి. బిషప్ బి5 చెక్, సి6, బంటు కొట్టుడు, బి-బంటుతో తిరిగి కొట్టుడు. ఒక బంటు పోయింది, కానీ తెలుపు బిషప్ మళ్లీ కదలాలి, మనకి పావులు త్వరగా బయటకొస్తాయి. ప్రతి ఎత్తుకీ "ఎందుకు" తెలిసింది కదా. ఎదుటివాడు వీడియోలో లేని ఎత్తు వేసినా ఈ పిల్ల చేతులెత్తేయదు. ఇలా నేర్చిన ఆరు ఎత్తులు, కంఠతా పట్టిన పన్నెండు ఎత్తుల కన్నా నయం.

లెక్కల_పంతులు_తణుకు

రేటింగ్ ఆగిందన్నారు కాబట్టి ఆ లెక్క కూడా. 2024 మార్చి నుంచి ఫిడే కింది హద్దు 1400. అంతకుముందు 1000. అప్పుడు 2000 లోపు ఉన్నవాళ్లందరికీ, 2000కి ఎంత తక్కువో అందులో 40 శాతం ఒకేసారి కలిపారు. పాత 1100 ఉన్నవాళ్లు 1460 అయ్యారు. అందుకని ఇప్పటి 1480ని పాత 1480తో పోల్చి దిగులు పడకండి, పొంగిపోనూ వద్దు.

పద్దెనిమిదేళ్ల లోపు, 2300 లోపు వాళ్లకి కె విలువ (ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత మారాలో తేల్చే గుణకం) 40. పాప 1580 మీద గెలిస్తే, ఆ తేడాకి ఆశించే పాయింట్లు 0.36 కాబట్టి 0.64 రెట్లు 40, అంటే 25.6 వస్తుంది. డ్రా చేస్తే 5.6. ఓడితే 14.4 పోతుంది. రేటింగ్ లేనివాళ్లతో ఆడితే లెక్కలోకి రాదు. ఒక్క టోర్నమెంట్‌లో వంద అటూ ఇటూ ఊగడం ఈ కె విలువతో మామూలే. నెల నెలా రేటింగ్ చూసే బదులు మాస్టారు చెప్పిన ఐదు నంబర్ల పట్టిక చూడండి, రెండోదీ మూడోదీ తగ్గుతున్నాయో లేదో.

రాజోలు_నాన్న

మీరంతా చెప్పినది కలిపి ఇలా రాసుకున్నాను, తప్పుంటే దిద్దండి. మామూలు రోజుల్లో 30 నిమిషాలు పజిల్స్ నోట్‌బుక్‌తో, 20 నిమిషాలు ఎండ్‌గేమ్ నాతో ఎదురుగా, 10 నిమిషాలు గళ్ల రంగులు, గుర్రం దారులు. శనివారం బ్లిట్జ్ బదులు 10 నిమిషాల ఆటలు మూడు. ఆదివారం ఒక పొడుగాట, గడియారం పెట్టి, స్కోర్‌షీట్ రాస్తూ, తర్వాత గంట విశ్లేషణ, చివరి పావుగంటే ఇంజిన్. సంక్రాంతికి కోడిపందేల హడావుడి మూడు రోజులు వదిలేసి మిగతా సెలవులు రోజూ ఒక పొడుగాట.

ఒక్క సందేహం. పాప మంత్రి చేసుకున్నాక, ఎదుటివాళ్ల బంటు రెండో వరసలో ఉంటే ఒకసారి గెలుస్తోంది, ఒకసారి డ్రా అవుతోంది. తేడా ఎక్కడ?

నరసాపురం_లేసు

బంటు ఏ నిలువు వరసలో ఉందన్న దాన్ని బట్టి అండీ. మన రాజు దూరంగా ఉండి, వాళ్ల రాజు బంటు పక్కనే ఉన్నప్పుడు:

బి, డి, ఇ, జి బంట్లయితే గెలుపు. చెక్‌లతో దగ్గరకు వచ్చి, వాళ్ల రాజు బంటు ముందర గడిలోకి దూరేలా చెయ్యాలి. ఆ ఒక్క ఎత్తు ఖాళీ దొరికినప్పుడల్లా మన రాజు ఒక్క అడుగు ముందుకి. మళ్లీ చెక్‌లు, మళ్లీ రాజు దూరడం, మళ్లీ ఒక అడుగు.

ఎ, హెచ్ బంట్లయితే డ్రా. రాజు మూలకి దూరాక కదలడానికి చోటు ఉండదు, మనం రాజుని నడిపితే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకపోయినా వేయడానికి ఎత్తు లేక డ్రా. సి, ఎఫ్ బంట్లయితే ఇంకా మోసం. బంటు సి2, రాజు బి1, మనం మంత్రి బి3 చెక్ ఇస్తే రాజు బంటుని వదిలేసి ఎ1కి పోతాడు. సి2 కొట్టామా, స్టేల్‌మేట్.

మన రాజు బాగా దగ్గరలో ఉంటే ఎ, సి, ఎఫ్, హెచ్ బంట్లలో కూడా గెలుపు దొరుకుతుంది. ఎంత దగ్గర అన్నది ఒక్కో బంటుకి ఒక్కో రకం. మన రాజు ఇ4, మంత్రి డి8, వాళ్ల రాజు బి1, బంటు ఎ2 పెట్టి, రాజుని ఒక్కో గడి వెనక్కి జరుపుతూ గెలుపు ఎక్కడ ఆగిపోతుందో పాపనే కనిపెట్టమనండి. ఆదివారం గంట దానికే సరిపోతుంది.